చట్టం వరమిచ్చింది.. మరి పూజారి?

2024 ఫిబ్రవరి 15. అమెరికాలోని అయోవా సిటీ. మ్యాచ్ మొదలై రెండు నిమిషాలు దాటిందో లేదో, కెయిట్లిన్ క్లార్క్ బాల్ అందుకుని దాదాపు కోర్టు మధ్యలో ఉన్న లోగో దగ్గరనుంచే బాస్కెట్‌లోకి విసిరేసింది. బాల్ లోపల పడింది, హాలు ఊగిపోయింది. అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్‌లో అత్యధిక పాయింట్ల రికార్డు ఆ షాట్‌తో ఆమె సొంతమైంది. ఆ రీల్ మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటుంది.

ఇక్కడో చిక్కుంది. సరిగ్గా 13 రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న, క్లార్క్ 'ఇంకో' రికార్డు దాటింది. అది లినెట్ వుడార్డ్ అనే ఆవిడది. ఆవిడ 1977 నుంచి 1981 దాకా కాన్సాస్ యూనివర్సిటీకి ఆడి 3,649 పాయింట్లు సాధించారు. ఫిబ్రవరి 15న బద్దలైన రికార్డు కెల్సీ ప్లమ్‌ది, 3,527 పాయింట్లు. మరి పెద్ద రికార్డు ఉండగా చిన్నదాన్ని దాటినప్పుడే అంత హడావుడి ఎందుకు చేశారు?

వుడార్డ్ ఆడిన రోజుల్లో ఆడపిల్లల ఆటల్ని నడిపిన సంస్థ వేరు. ఆ సంస్థ మూతపడింది. దాని స్థానంలోకి వచ్చిన సంస్థ పాత లెక్కల్ని తన రికార్డు పుస్తకంలో చేర్చుకోలేదు. పాయింట్లు కోర్టు మీదే వచ్చినా, లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆఫీసులో తేల్చారు.

ఈ కథ ఆ ఆఫీసు గురించే. అంటే కాలేజీలో ఆడపిల్లల ఆటలకు డబ్బు, కోచ్, గ్రౌండ్, బస్సు, డాక్టర్ ఎవరు ఇస్తారు, ఎవరు ఆపుతారు అన్నదాని గురించి. ఇదంతా ఒకే ఊళ్లో, క్లార్క్ ఆడిన అదే అయోవా యూనివర్సిటీలో యాభై ఏళ్లుగా జరుగుతూ వస్తోంది.

అసలు ఈ 'ఏడీ' అంటే ఎవరు?

మన కాలేజీల్లో పీడీ సారు ఉంటారు. స్పోర్ట్స్ రూమ్ తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్ వస్తే టీం కట్టి పంపిస్తారు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ కాలేజీ ఆట అంటే పెద్ద వ్యాపారం. ఒక్క అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలోనే దాదాపు 69 వేల మంది పడతారు. మన ఉప్పల్ స్టేడియం కంటే పెద్దదన్నమాట. టీవీ హక్కులు, టికెట్లు, దాతల విరాళాలు, స్కాలర్‌షిప్పులు అన్నీ కలిపితే అదో పెద్ద కంపెనీ. ఆ కంపెనీకి పెద్ద దిక్కు అథ్లెటిక్ డైరెక్టర్. అందరూ పొట్టిగా 'ఏడీ' అంటారు.

ఏడీ బాల్ పట్టరు, కోచింగ్ ఇవ్వరు. కానీ కోచ్‌ని పెట్టేదీ తీసేదీ ఆయనే. ఏ టీంకి ఎంత బడ్జెట్, ఎవరికి సాయంత్రం ప్రాక్టీస్, ఎవరికి తెల్లారుజామున ఐదింటికి, ఎవరు విమానంలో వెళ్తారు, ఎవరు వ్యాన్లో వెళ్తారు అన్నవి కూడా ఆ కుర్చీలోంచే తేలతాయి. 1970ల దాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆడపిల్లల ఆట అసలు కళ్లకే ఆనలేదు. 1971-72లో దేశం మొత్తం మీద కాలేజీ స్థాయిలో ఆడుతున్న ఆడపిల్లలు ముప్పై వేలకు మించి లేరు. ఇవాళ రెండు లక్షలు దాటారు.

37 పదాల వరం

మధ్యలో ఏం జరిగింది? 1972 జూన్ 23న అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యాచట్టం మీద సంతకం పెట్టారు. అందులోని తొమ్మిదో భాగమే 'టైటిల్ నైన్'. ఇంగ్లిష్‌లో మొత్తం 37 పదాలు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారాంశం. దాని వెనక గట్టిగా నిలబడ్డవాళ్లలో హవాయికి చెందిన ప్యాట్సీ మింక్ ఒకరు. తర్వాత ఆ చట్టానికి ఆవిడ పేరే పెట్టారు.

విచిత్రం ఏమిటంటే, ఆ 37 పదాల్లో 'ఆట' అన్న మాటే లేదు. చట్టం చేసినవాళ్లు ఎక్కువగా ఆలోచించింది కాలేజీ సీట్లు, ఉద్యోగాల గురించే. అది ఆటలకూ వర్తిస్తుందని తెలిసేసరికి మగపిల్లల ఆటలు నడిపే సంస్థలు ఉలిక్కిపడ్డాయి. ఫుట్‌బాల్ లాంటి డబ్బు తెచ్చే ఆటల్ని ఇందులోంచి మినహాయించాలని 1974లో ఒక సవరణ కూడా తెచ్చారు గానీ అది నెగ్గలేదు. నిబంధనలు రాసి, కాలేజీలకు 1978 దాకా గడువిచ్చారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. చట్టం వచ్చినంత మాత్రాన వాషింగ్టన్ నుంచి ఎవరూ వచ్చి జిమ్ తాళం తీయరు. తీయాల్సింది కాలేజీలో ఉన్న మనిషే.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన టీచరమ్మ

అయోవాలో ఆ తాళం క్రిస్టీన్ గ్రాంట్ చేతికొచ్చింది. ఆవిడది స్కాట్లాండ్. పీఈటీ ట్రైనింగ్ చేసి, కెనడాలో హాకీ కోచింగ్ ఇచ్చి, పై చదువుల కోసం అయోవా వచ్చారు. అన్నట్టు, మనం ఆడే హాకీని అక్కడ ఫీల్డ్ హాకీ అంటారు. అమెరికా కాలేజీల్లో అది పూర్తిగా ఆడపిల్లల ఆటే. 1973లో యూనివర్సిటీ ఆడపిల్లలకు ప్రత్యేకంగా అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ పెట్టి, ఆవిడనే మొదటి డైరెక్టర్‌ని చేసింది. 2000 దాకా, అంటే 27 ఏళ్లు, ఆవిడే నడిపారు.

ప్రత్యేక డిపార్ట్‌మెంట్ అనే మాటని తేలిగ్గా తీసుకోకండి. మగపిల్లల ఏడీ తన అవసరాలన్నీ తీరాక మిగిలింది ఇస్తే పుచ్చుకోవడం ఒక పద్ధతి. మన బడ్జెట్ మనం అడిగి తెచ్చుకుని, మన కోచ్‌ని మనం పెట్టుకోవడం ఇంకో పద్ధతి. గ్రాంట్‌ది రెండోది.

టైటిల్ నైన్ నిబంధనల్లో కాలేజీ ఏమేం సమానంగా ఇవ్వాలో ఒక జాబితా ఉంటుంది. చదివితే ఇంట్లో సరుకుల చీటీలా కనిపిస్తుంది. ఆట సామాను, మ్యాచులకీ ప్రాక్టీసుకీ టైము, ప్రయాణం, రోజువారీ భత్యం, ట్యూషన్, కోచ్‌లు, వాళ్ల జీతాలు, లాకర్ రూములు, వైద్యం, బస, భోజనం, ప్రచారం. 'సమానత్వం' అనే పెద్ద మాటని విడగొడితే వచ్చేది ఈ చీటీయే. దీన్ని వరుస వరుసగా చదివి, ఏది అందింది ఏది అందలేదు అని టిక్కు పెట్టుకునే మనిషి లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. గ్రాంట్ ఆ చీటీని కంఠతా పట్టడమే కాదు, కాంగ్రెస్ కమిటీల ముందుకెళ్లి దాని గురించి సాక్ష్యం కూడా చెప్పారు.

ఓడిపోయిన సంస్థ

వుడార్డ్ రికార్డు సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. 1971లో మహిళా పీఈ టీచర్లు, అడ్మినిస్ట్రేటర్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పొట్టి పేరు ఏఐఏడబ్ల్యూ. కాలేజీ ఆడపిల్లల జాతీయ పోటీలు నడిపింది అదే. మంచి ఊపులో ఉన్నప్పుడు తొమ్మిది వందలకు పైగా కాలేజీలు అందులో ఉండేవి. ముందు చదువు, తర్వాత ఆట అన్నది దాని సిద్ధాంతం. మొదట్లో ఆట కోసం స్కాలర్‌షిప్పులు కూడా వద్దంది. కోర్టులో కేసు పడ్డాక 1973లో ఆ నిబంధన మార్చుకుంది. ఈ సంఘానికి గ్రాంట్ అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు.

మగపిల్లల పోటీలు నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. చాలా ఏళ్లు ఆడపిల్లల ఆట దానికి పట్టలేదు. పైగా టైటిల్ నైన్‌ని ఎదిరించింది. తీరా ఆడపిల్లల ఆటకు జనం రావడం, టీవీలో చూపించడం మొదలయ్యేసరికి అదీ వచ్చి చేరింది. 1981 జనవరిలో జరిగిన సమావేశంలో, పెద్ద కాలేజీల విభాగంలో ఆడపిల్లల పోటీలు తామే నడపాలని తీర్మానం పెట్టింది. మొదటి ఓటింగ్ ఎటూ తేలలేదు. మళ్లీ ఓటింగ్ పెట్టాక నెగ్గింది. చేరే కాలేజీలకు అదనపు చందా లేదు, పోటీలకు వచ్చే టీంలకు ప్రయాణ ఖర్చులిస్తామంది. టీవీ డబ్బున్న సంస్థతో ఎవరు పోటీ పడగలరు? ఏఐఏడబ్ల్యూ కోర్టుకెళ్లింది, ఓడిపోయింది. 1982లో దుకాణం కట్టేసింది.

దీని మీద ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. డబ్బు, టీవీ, హోదా ఎన్‌సీఏఏ వల్లే వచ్చాయంటారు ఒకరు. అది నిజమే. కానీ ఆడవాళ్లు సొంతంగా నిర్ణయాలు తీసుకునే చోటు ఒకటుండేది, అది పోయిందంటారు మరొకరు. అదీ నిజమే. ఆ పాత సంఘంలో ఛాంపియన్‌షిప్ ఎక్కడ జరగాలి, నిబంధనలు ఎలా ఉండాలి అని తేల్చేది ఆడవాళ్లే. కొత్తచోట వాళ్లకు దక్కినవి కొన్ని కమిటీ సీట్లు మాత్రమే.

హాలు పట్టనంత జనం

సంఘం పోయినా అయోవాలో గ్రాంట్ కుర్చీ అలాగే ఉంది. 1983లో ఆవిడ వివియన్ స్ట్రింగర్‌ని బాస్కెట్‌బాల్ కోచ్‌గా తెచ్చారు. స్ట్రింగర్ అప్పటికే చేనీ స్టేట్ అనే చిన్న నల్లజాతి కాలేజీ టీంని 1982లో జరిగిన మొట్టమొదటి ఎన్‌సీఏఏ మహిళల ఫైనల్‌కి తీసుకెళ్లిన కోచ్. పెద్ద పేరు, పెద్ద బడ్జెట్ లేని కాలేజీలో అంత సాధించిన మనిషిని గుర్తుపట్టి తెచ్చుకోవడమే అడ్మినిస్ట్రేటర్ చేసే పని.

అయోవాలో నేల కూడా సారవంతంగానే ఉంది. అక్కడి పల్లెల్లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి చాలా పాత చరిత్ర ఉంది. 1920ల మధ్యలో, పోటీలు నడిపే స్కూలు పెద్దలు ఆడపిల్లల ఆట మాకొద్దు అని చేతులు దులుపుకుంటే, కొందరు ఊళ్ల స్కూలు అధికారులు విడిపోయి ఆడపిల్లల కోసమే వేరే సంఘం పెట్టారు. టీంకి ఆరుగురితో ఆడే ఒక పాతరకం ఆట 1993 దాకా అక్కడ సాగింది. రాష్ట్ర పోటీలంటే ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చేవి. అంటే ఆట చూసే జనం ముందునుంచీ ఉన్నారు. వాళ్లని యూనివర్సిటీ హాలు దాకా రప్పించాల్సింది మాత్రం డిపార్ట్‌మెంటే.

1985 ఫిబ్రవరి 3న ఒహాయో స్టేట్‌తో మ్యాచ్. కార్వర్-హాకై హాల్లో సీట్లు దాదాపు పదిహేను వేలు. వచ్చిన జనం 22,157 మంది! మెట్ల మీద, నడిచే దారుల్లో, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుని చూశారు. అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్‌లో అప్పటిదాకా అంతమంది ఎప్పుడూ రాలేదు. ఆ మరుసటి ఏడాది అయోవా హాకీ టీం జాతీయ ఛాంపియన్ అయింది. 1993లో స్ట్రింగర్ టీం బాస్కెట్‌బాల్‌లో చివరి నాలుగు జట్లలో నిలిచింది.

ఆడపిల్లల ఆట చూడ్డానికి ఎవరొస్తారులే అన్న మాట ఇప్పటికీ వింటూనే ఉంటాం. ఆ మాటకు ఆ ఊరి జనం 1985లోనే జవాబు చెప్పేశారు.

రెండు కుర్చీలు ఒకటైతే

2000 సంవత్సరంలో గ్రాంట్ రిటైరయ్యారు. అదే ఏడాది అయోవా యూనివర్సిటీ మగ, ఆడ డిపార్ట్‌మెంట్లని కలిపేసింది. మగపిల్లల ఏడీ అందరికీ ఏడీ అయ్యారు. వినడానికి బాగానే ఉంది కదా, విడివిడిగా ఎందుకు, అందరూ ఒక్కటే! కానీ రెండు కుర్చీలు ఒకటైనప్పుడు లేచి నిలబడాల్సి వచ్చింది ఎవరు? దేశమంతా ఈ కలపడాలు అంతకు ముందే చాలావరకు జరిగిపోయాయి. ప్రత్యేక డిపార్ట్‌మెంట్లు అయోవా, టెక్సస్, టెన్నెసీ లాంటి కొద్దిచోట్లే అంతకాలం నిలిచాయి.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీకి చెందిన ఇద్దరు ప్రొఫెసర్లు, వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్, ఈ లెక్కల్ని దశాబ్దాల పాటు సేకరించారు. వాళ్ల ప్రకారం 1972లో కాలేజీ ఆడపిల్లల ఆటల్ని నడిపే పెద్దల్లో తొంభై శాతానికి పైగా ఆడవాళ్లే. ఆడపిల్లల టీంల కోచ్‌లలోనూ అంతే. 2014కి వచ్చేసరికి కోచ్‌లలో ఆడవాళ్లు సుమారు 43 శాతానికి, అథ్లెటిక్ డైరెక్టర్లలో సుమారు 22 శాతానికి పడిపోయారు.

జాగ్రత్తగా చూడండి. అదే కాలంలో ఆడే ఆడపిల్లల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు పెరిగాయి. పెరిగిన కొద్దీ ఆ ఉద్యోగాల్లోకి మగవాళ్లు వచ్చారు. ఆట ఆడపిల్లలకు దక్కింది, ఆఫీసు మాత్రం ఆడవాళ్ల చేతుల్లోంచి జారిపోయింది.

ఎన్‌సీఏఏ దీనికో సర్దుబాటు చేసింది. ప్రతి కాలేజీలో 'సీనియర్ ఉమన్ అడ్మినిస్ట్రేటర్' అని ఒక హోదా ఇచ్చింది. ఏడీ ఆఫీసులో అందరికంటే పెద్ద స్థాయిలో ఉన్న మహిళకు ఆ పేరు. మంచి చేతుల్లో పడితే అది పనికొచ్చే హోదాయే. కానీ బడ్జెట్ మీటింగ్‌లో కూర్చోబెట్టకపోతే ఆ పేరు విజిటింగ్ కార్డుకే పరిమితం.

కోర్టు దాకా వెళ్లిన జీతం

అయోవాలోనే జేన్ మేయర్ అనే అడ్మినిస్ట్రేటర్ ఉండేవారు. 2001 నుంచి ఏడీ ఆఫీసులో పెద్ద బాధ్యతల్లో ఉన్నారు. 2014లో అప్పటి ఏడీ గ్యారీ బార్టా రెండో స్థానంలో కొత్త పోస్టు సృష్టించి, బయటినుంచి ఒక మగ అధికారిని ఎక్కువ జీతానికి తెచ్చారు. అదే ఏడాది ఆగస్టులో హాకీ కోచ్ ట్రేసీ గ్రీస్‌బామ్‌ని తీసేశారు. ఆటగాళ్ల ఫిర్యాదుల మీద విచారణ జరిగినా, నిబంధన ఉల్లంఘించినట్టు తేలలేదు. అయినా ఉద్యోగం పోయింది. గ్రీస్‌బామ్, మేయర్ జీవిత భాగస్వాములు. ఆ డిసెంబర్‌లో మేయర్ లింగవివక్ష గురించి రాతపూర్వకంగా ప్రశ్నించారు. వెంటనే ఆవిడని అథ్లెటిక్స్ నుంచి వేరే విభాగానికి పంపేశారు.

మేయర్ కోర్టుకెళ్లారు. 2017 మే నెలలో జ్యూరీ ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. వివక్ష, ప్రతీకారం, అసమాన జీతం అన్నీ నిజమేనని తేల్చి, 14.3 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది. తర్వాత యూనివర్సిటీ ఇద్దరి కేసులూ లాయర్ల ఫీజులతో సహా కలిపి 65 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఇది ఏ ఊళ్లో జరిగిందో గుర్తుంది కదా? క్రిస్టీన్ గ్రాంట్ 27 ఏళ్లు నడిపిన ఊళ్లోనే. ఒక మంచి అడ్మినిస్ట్రేటర్ కట్టింది తనంతట తాను నిలబడి ఉండదు. తర్వాత వచ్చినవాళ్లు పట్టించుకోకపోతే పదిహేనేళ్లు చాలు.

నీళ్లలోంచి వచ్చిన కేసు

కోవిడ్ వచ్చింది. ఆదాయం పడిపోయిందని 2020 ఆగస్టులో అయోవా నాలుగు టీంలని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మగపిల్లల జిమ్నాస్టిక్స్, టెన్నిస్, స్విమ్మింగ్, ఆడపిల్లల స్విమ్మింగ్. స్విమ్మింగ్ అమ్మాయిలు కొందరు ఊరుకోలేదు. టైటిల్ నైన్ కింద కేసు వేశారు.

కాలేజీ ఆడపిల్లలకు సరిపడా అవకాశాలు ఇస్తోందా లేదా అని తేల్చడానికి 1979 నుంచి మూడు ప్రశ్నలు వాడుతున్నారు. కాలేజీలో ఆడపిల్లల శాతానికి తగ్గట్టే ఆటల్లోనూ వాళ్ల వాటా ఉందా? లేకపోతే, ఎప్పటికప్పుడు కొత్త అవకాశాలు పెంచుతూ వస్తున్నారా? అదీ కాకపోతే, ఆడతామనే ఆడపిల్లలందరికీ చోటిచ్చారా? మూడింట్లో ఒక్కదానికైనా అవునని చెప్పగలిగితే చాలు. ఉన్న టీంని తీసేస్తే రెండో, మూడో ప్రశ్నలకు జవాబు దొరకదు. ఇక మిగిలింది మొదటి లెక్కే. దాన్లో యూనివర్సిటీ నిలబడలేకపోయింది. 2020 డిసెంబర్‌లో జడ్జి ఆ నిర్ణయాన్ని ఆపేశారు. 2021 ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఆడపిల్లల స్విమ్మింగ్‌ని శాశ్వతంగా కొనసాగిస్తామంది. ఆ కేసు నలుగుతుండగానే ఆడపిల్లల కుస్తీ టీం కూడా పెడతామని ప్రకటించింది.

ఒలింపిక్ కాంస్యం గెల్చిన క్లారిస్సా చున్‌ని ఆ టీంకి కోచ్‌గా పెట్టారు. పూర్తిస్థాయి టీంగా ఆడిన మొదటి సీజన్‌లోనే, 2024లో, జాతీయ టైటిల్ కొట్టేశారు. తీసేద్దామనుకున్న చోట ఒక ఆట మిగిలింది, ఇంకోటి కొత్తగా పుట్టింది.

మగపిల్లల మూడు టీంలు మాత్రం తిరిగి రాలేదు. ఇలా జరిగినప్పుడల్లా 'ఆడపిల్లల చట్టం వల్ల మగపిల్లల ఆటలు పోయాయి' అనేవాళ్లుంటారు. గ్రాంట్ ఈ మాటని జీవితాంతం ఖండిస్తూనే వచ్చారు. చిన్న ఆటల్ని మింగేస్తున్నది చట్టం కాదు, ఫుట్‌బాల్ మీదా మగపిల్లల బాస్కెట్‌బాల్ మీదా పోటీపడి పెంచుకుంటూ పోతున్న ఖర్చేనన్నది ఆవిడ వాదన. ఆవిడ 2021 డిసెంబర్ 31న కన్నుమూశారు.

ఒక డంబెల్స్ స్టాండు

అదే 2021 మార్చిలో దేశమంతా ఈ ఆఫీసు వ్యవహారాన్ని ఫోన్లలో చూసింది. జాతీయ టోర్నీకి వచ్చిన మగ టీంలకు పెద్ద వెయిట్ రూమ్, ఆడ టీంలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు! ఒరెగాన్ ప్లేయర్ సెడోనా ప్రిన్స్ తీసిన చిన్న వీడియో వైరల్ అయింది. చోటు సరిపోలేదని ఎన్‌సీఏఏ ముందు ఇచ్చిన సమాధానం. ఎంత ఖాళీ చోటుందో ఆ వీడియోలోనే ప్రిన్స్ కెమెరా తిప్పి చూపించింది. ఒకట్రెండు రోజుల్లో పూర్తి వెయిట్ రూమ్ వచ్చేసింది. నిజానికి డబ్బూ ఉంది, చోటూ ఉంది, అడిగేవాళ్లు ఉన్నారని అనుకోలేదంతే.

తర్వాత బయటి లాయర్లతో చేయించిన విచారణలో అసలు గుట్టు బయటపడింది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీవీ హక్కుల్ని మరో 28 ఛాంపియన్‌షిప్‌లతో కలిపి కట్టగట్టి, ఏడాదికి సుమారు 3.4 కోట్ల డాలర్లకు ఇచ్చేశారు. విడిగా అమ్మితే ఒక్క బాస్కెట్‌బాల్‌కే 2025 నాటికి ఏడాదికి 8 నుంచి 11 కోట్ల డాలర్ల దాకా పలుకుతుందని ఆ నివేదిక అంచనా వేసింది. అంటే ఆడపిల్లల ఆటకు డబ్బు రాదని చెబుతూ వచ్చినవాళ్లే దాన్ని చవగ్గా అమ్మేశారు.

ఆ అంచనా ఉత్తది కాదని అయోవా అమ్మాయిలే చూపించారు. 2000లో వచ్చిన కోచ్ లీసా బ్లూడర్ ఓపిగ్గా కట్టుకొచ్చిన టీంలోకి క్లార్క్ చేరింది. 2023 అక్టోబర్‌లో ఫుట్‌బాల్ స్టేడియంలోనే బాస్కెట్‌బాల్ కోర్టు పరిచి ప్రదర్శన మ్యాచ్ పెడితే 55,646 మంది వచ్చారు. 2024 ఫైనల్‌ని టీవీల్లో దాదాపు 1.89 కోట్ల మంది చూశారు. ఆ ఏడాది మగపిల్లల ఫైనల్ కంటే అది ఎక్కువ. అలా జరగడం అదే మొదటిసారి. ఆ జనవరిలోనే అయోవా యూనివర్సిటీ బెత్ గెట్జ్‌ని పూర్తిస్థాయి ఏడీగా నియమించింది. మగ, ఆడ టీంలు కలిసిన డిపార్ట్‌మెంట్‌కి అక్కడ ఒక మహిళ డైరెక్టర్ కావడం అదే మొదలు. 1973లో గ్రాంట్ ఆడపిల్లల డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టిన యాభై ఏళ్లకు!

ఇప్పుడు అసలు పంపకం

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. 2025 జూన్‌లో ఒక కోర్టు ఒప్పందం ఆమోదం పొందింది. దాని ప్రకారం కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. పెద్ద కాలేజీలు చాలావరకు అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి పెడుతున్నాయి. ఈ డబ్బుకి టైటిల్ నైన్ వర్తిస్తుందా? వర్తిస్తుందని 2025 జనవరిలో దిగిపోతున్న ప్రభుత్వం చెప్పింది. ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం ఆ మాటని వెనక్కి తీసుకుంది.

కాబట్టి ప్రతి కాలేజీలో ఎవరికి ఎంత అన్నది మళ్లీ ఆ ఒక్క కుర్చీ దగ్గరికే వచ్చింది. చట్టం స్పష్టంగా చెప్పనప్పుడు అక్కడ కూర్చున్న మనిషి మనసులో ఏముందో అదే చట్టం. గ్రాంట్ లాంటివాళ్లు ఉన్నచోట ఒకలా, లేనిచోట ఇంకోలా జరుగుతుంది.

మీలో చాలామందికి అక్క కూతురో బాబాయి కొడుకో అమెరికాలో ఉండే ఉంటారు. మీరే ఎంఎస్‌కి వెళ్లే ప్రయత్నంలో ఉండొచ్చు. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు టెన్నిసో స్విమ్మింగో ఆడుతూ కాలేజీ టీంలోకి వెళ్లాలని కలగంటున్నారు. వాళ్లకో మాట చెప్పండి. 1994లో వచ్చిన ఒక చట్టం ప్రకారం అక్కడి ప్రతి కాలేజీ తన ఆటల లెక్కలు ఏటా బయటపెట్టాలి. ఎంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారు, వాళ్ల కోచ్‌లకు సగటున ఎంత ఇస్తున్నారు, స్కాలర్‌షిప్‌కీ, కొత్త ఆటగాళ్లని వెతకడానికీ ఎంత ఖర్చుపెడుతున్నారు అన్నీ అందులో ఉంటాయి. ఆ దేశ విద్యాశాఖ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొడితే ఫోన్లోనే కనిపిస్తాయి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే స్టేడియం, జిమ్, మెరిసే ట్రోఫీలు అన్నీ చూపిస్తారు. అవి చూసి మురిసిపోయే ముందు మూడు విషయాలు అడగమనండి. ఆడపిల్లల కోచ్ ఎన్నేళ్లుగా ఉన్నారు? ఏడీ ఆఫీసులో బడ్జెట్ మీద సంతకం పెట్టేవాళ్లలో ఎంతమంది ఆడవాళ్లున్నారు? పోయిన పదేళ్లలో ఏ టీంనైనా తీసేశారా? ఈ మూడింటికీ నీళ్లు నమలకుండా జవాబొస్తే, ఆ కాలేజీలో ఆడపిల్లల ఆటని పట్టించుకునే మనిషి ఒకరు ఉన్నట్టు లెక్క.